ఆగడానికి పట్టే దూరం

ఖాళీ బస్సులో ఆమె బంగాళాదుంపలు ఏరుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే ఒకటి దొరికింది, దాని వెనకే ఇంకొకటి, మూడోది దొర్లుకుంటూ పోయి చివరి వరుసలో ఎవరో వదిలేసిన పేపరు కింద దాక్కుంది. ఇవన్నీ ఆ పెద్దావిడవి. పాపం, సంచీ ఒక చేత్తో, రాడ్డు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నట్టుంది. బస్సు ఉన్నపళాన ఆగేసరికి సంచీ ముందు ఎగిరిందో తను ముందు పడిందో గాని, ఒళ్ళంతా మణికట్టు మీద మోపి పడింది. ఇద్దరెవరో పట్టుకుని దింపి, కారు ఆపి ఎక్కించారు. మిగిలినవాళ్ళు తిట్టాల్సినవన్నీ తిట్టి వెనకొచ్చిన బస్సెక్కి పోయారు. నిలబడడానికి చోటు లేని బస్సు ఇంత తొందరగా ఖాళీ అయిపోతుందని ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళలో ఇలా మధ్య దారిలో ఖాళీ అయింది ఇదే మొదలు. డిపోకి ఫోన్ చేస్తే బండి కదపొద్దు, ఇన్‌స్పెక్టరు వస్తాడు, గంట పట్టొచ్చు అన్నారు. ఎందుకు అంత గట్టిగా బ్రేకు తొక్కావు అంటే మనిషి అడ్డొచ్చాడు అంది. తగిలిందా? లేదు. ఏడీ మరి? వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడా, అంది అవతలి గొంతు. ఆ అడగడంలోనే తనని నమ్మలేదని ఆమెకు అర్థమైంది.

నెత్తిన కుర్చీ పెట్టుకుని వెళ్ళిపోయాడు అని మాత్రం ఫోన్‌లో చెప్పలేకపోయింది. చెబితే నవ్వుతారు. కానీ నిజంగానే కుర్చీ. కొత్త ప్లాస్టిక్ కుర్చీ, ఆకుపచ్చది, బోర్లించి నెత్తి మీద పెట్టుకున్నాడు, నాలుగు కాళ్ళూ ఆకాశానికి. వీపు ఆనే భాగం బస్సు వచ్చే వైపు చెంప మీదుగా వేలాడుతోంది, గుర్రానికి గంతలు కట్టినట్టు. రోడ్డు పక్కన ఆపి ఉన్న సరుకుల వ్యాను వెనకనుంచి వచ్చి, ఇంటి వసారాలో నడిచినట్టు తాపీగా రోడ్డు మీదికి నడిచాడు. ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకు వరసగా గుర్తులేదు. ఆకుపచ్చ రంగు గుర్తుంది. స్టీరింగు మీద తన వేళ్ళు తెల్లబడడం గుర్తుంది. బస్సు మూలుగుతూ, ఒక పక్కకి కొద్దిగా ఈడుస్తూ, ఇంకా పోతూ, ఇంకా పోతూ, ఇక చాలు చాలు అని లోపల ఎవరో అంటుంటే ఆగింది. పెద్ద అద్దానికి అవతల కుర్చీ కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నింపాదిగా దాటాయి. అద్దం లేకపోతే చెయ్యి చాపి వాటిని పట్టుకునేది. అతను ఒక్క అడుగు తొందరపడలేదు, ఒక్క అడుగు ఆగలేదు. ఊళ్ళో ఎప్పుడూ ఏదో ఒకటి కీచుమంటూనే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడేమో. అవతలి పక్క సందులోకి తిరిగిపోయాడు. లోపల అప్పుడు అరుపులు మొదలయ్యాయి. "మనిషా? ఎక్కడమ్మా మనిషి?" "కునికిపాట్లు పడి ఉంటుంది." "ఫోన్ చూసుకుంటోందేమో." "మనుషులనుకుంటున్నావా, బస్తాలనుకుంటున్నావా?" ముందు సీటు పెద్దమనిషి అంతవరకు నిద్రలో ఉన్నాడు, కళ్ళు నులుముకుంటూ అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. నిలబడ్డవాళ్ళు ఒకరి వీపు ఒకరు చూస్తున్నారు, కూర్చున్నవాళ్ళు ఒళ్ళో ఫోన్లు చూస్తున్నారు. ముందు కెమెరా చెడిపోయిందని చెప్పి చెప్పి ఆమె ఎప్పుడో ఊరుకుంది. కండక్టరు లేని సర్వీసు ఇది, అంతమందిలో ముందుకు చూస్తున్నది తనొక్కతే. దాని కోసమే కదా తనకు జీతం. పెద్దావిడ ఒక్కతే తిట్టలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి తనది కానట్టు దాన్నే చూసుకుంటూ, "ఇంత గట్టిగా తొక్కాలా తల్లీ" అంది. తిట్లన్నీ ఎటో పోయాయి, ఆ మాట మాత్రం ఇంకా బస్సులోనే ఉంది.

తొక్కాలా? శిక్షణలో సెకను సార్ అని ఒకాయన ఉండేవాడు. అసలు పేరు రికార్డుల్లో ఉంటుంది, అందరికీ సెకను సారే. డిపో వెనక ఖాళీ స్థలంలో సుద్దముక్కతో గీతలు గీసి, ఇక్కడ చూశావు, ఇక్కడ నీకు తెలిసింది, ఇక్కడ కాలు లేచింది, ఇక్కడ బ్రేకు మీద పడింది, ఇక్కడ బ్రేకు గాలి గొట్టాల్లో పరుగెత్తి చక్రాలకి చేరింది, ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు మొదలవుతుంది ఆగడం, అంటూ ఒక్కో గీత మీదా నిలబడేవాడు. చివరి గీత దగ్గర నిలబడి వెనక్కి చూస్తే మొదటి గీత ఎక్కడో ఉండేది. "నలభై అయిదు స్పీడులో సెకను అంటే పన్నెండున్నర మీటర్లు. అంటే నీ బస్సు పొడవంత. నువ్వు 'అయ్యో' అనుకునే లోపు బస్సు నిన్నడక్కుండానే తన పొడవంత ముందుకు పోయి ఉంటుంది. దాన్ని నువ్వేం చేయలేవు. అది నీ చేతిలోంచి పోయిన రోడ్డు." స్పీడు రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అన్నప్పుడు ఎవరూ నమ్మలేదు. ఆయన మళ్ళీ గీతలు గీశాడు, ఈసారి సుద్దముక్క అరిగిపోయింది గాని స్థలం చాల్లేదు, గోడ అడ్డొచ్చింది. "చూశారా, గోడలో ఉన్నాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆడమనిషి తనొక్కతే, తనూ నవ్వింది. ఆ రోజే ఇంకో మాట అన్నాడాయన, అప్పుడు అంతగా పట్టించుకోలేదు: "బస్సుకి బ్రేకుంది. లోపలి జనానికి లేదు. బస్సు ఆగినా వాళ్ళు పోతూనే ఉంటారు. ఏదన్నా ఆపాలి వాళ్ళని. రాడ్డో, ముందు సీటో, పక్కవాడి వీపో." లేదా నేల. లేదా సొంత మణికట్టు. ఆమె నాలుగో దుంప సంచీలో వేసింది. ఆ దుంపలకి కూడా బ్రేకు లేదు, పాపం, చివరి వరుస దాకా పోయి మళ్ళీ వెనక్కి దొర్లాయి.

నా కాలు చాలా చురుకు సార్ అని ఒక కుర్రాడు గొప్పలు పోతే సెకను సార్ జేబులోంచి స్కేలు తీశాడు. స్కేలుని నిలువుగా పట్టుకుంటాను, కింద నీ రెండు వేళ్ళు తెరిచి పెట్టు, నేను చెప్పకుండా వదుల్తాను, పట్టుకో. ఎన్ని అంగుళాలు జారాక పట్టుకుంటే అంత ఆలస్యం నువ్వు. అందరిలోకీ తక్కువ జారింది ఆమె వేళ్ళ మధ్య. "బాగుంది. కానీ పొంగిపోకు. స్కేలు పడుతుందని తెలిసి కూర్చున్నావు. రోడ్డు మీద పడుతుందని నీకెవరూ చెప్పరు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్తతో ఆ ఆట ఆడింది. ఆయన బట్టల కొట్లో కటింగ్ మాస్టరు, ఇంట్లో స్కేళ్ళకి లోటు లేదు, చెక్కవి, ఇనుపవి, అంచులు అరిగినవి. "పట్టు చూద్దాం" అంటే భోజనం చేస్తున్నవాడు ఎడమ చెయ్యి చాపి చూడకుండానే పట్టేశాడు. ఎన్నిసార్లు వదిలినా పట్టేశాడు. "ఎలా పడుతున్నావు?" "స్కేలుని చూడను. నిన్ను చూస్తాను. వదిలే ముందు నీ కనుబొమ్మలు లేస్తాయి." అప్పటినుంచి ముఖం బిగించుకుని వదలడం నేర్చుకోవాలని ఎంత ప్రయత్నించిందో! ముఖం బిగించగానే ఆయనకి నవ్వొచ్చేది, ఆయన నవ్వితే తనకి నవ్వొచ్చేది, స్కేలు ఎవరూ వదలకుండానే పడిపోయేది. అన్నం గిన్నెలు కడగకుండా అలా ఎంతసేపు కూర్చునేవారో. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టేవాళ్ళు.

తర్వాత ఆయన కత్తెర పక్కకి పోవడం మొదలైంది. గుడ్డ మీద గీత సరిగ్గానే ఉంది, కత్తెరే గీత తప్పుతోంది. నిద్ర చాలక అనుకున్నారు. వయసనుకున్నారు, వయసెంతని! నరాల డాక్టరు ఒక పెద్ద పేరు చెప్పి, నెమ్మదిగా పెరుగుతుందని, నెమ్మదిగా అన్న మాటే ఇందులో మంచి మాట అని చెప్పాడు. ఇంటికొచ్చాక ఆయనే స్కేలు తీసి ఇచ్చాడు. పట్టుకున్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ. మునుపటికంటే కిందికి జారింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం కంటే ఇదే నయం అనేవాడు, ఇక్కడ వరసలో కూర్చోనక్కర్లేదు. ఆమె కనుబొమ్మలు కావాలనే బాగా ఎత్తేది, ఇదిగో వదుల్తున్నాను, ఇదిగో అన్నట్టు. ఆయన కళ్ళకి అంతా తెలుస్తూనే ఉంది. కళ్ళు పట్టుకుంటున్నాయి, వేళ్ళే రావడం లేదు. "నువ్వు నెమ్మదిగా వదుల్తున్నావు" అన్నాడొకసారి. "స్కేలుని నెమ్మదిగా ఎలా వదుల్తారు? అది నా మాట వింటుందా?" అంది. ఒక సాయంత్రం అది ఆయన వేళ్ళ మధ్యనుంచి మొత్తం జారిపోయి నేల మీద పడి, ఒకసారి ఎగిరి పడింది. వేళ్ళు ఆ తర్వాత మూసుకున్నాయి. అంతా అయిపోయాక, గాలిని పట్టుకున్నాయి. ఇద్దరూ ఆ మూసిన వేళ్ళ వైపు చూశారు. "ఇక భోంచేద్దామా" అన్నాడు. ఆ స్కేలుని ఎవరు తీసి ఎక్కడ పెట్టారో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాదు. ఆయన పోయి మూడేళ్ళవుతోంది. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి తాళం తీస్తూ, "ఇవాళ ఏమైందో తెలుసా" అని ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. నోటిదాకా వచ్చినదాన్ని ఆపడానికి ఎంత దూరం పడుతుందో సెకను సార్ చెప్పలేదు. ఇవాళైతే మరీ. ఒక మనిషి బతికాడు, నా బస్సు కింద పడకుండా బతికాడు, ఇంత పెద్ద సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

చినుకులు మొదలయ్యాయి. సంచీ మూతి ముడివేసి, దాన్ని డ్రైవరు సీటు మీద పెట్టి ఆమె కిందికి దిగింది. చక్రాల గుర్తులు ఇందాక నల్లగా, ఎవరో బొగ్గుతో లాగినట్టు కనిపించాయి. ఇప్పుడు తడికి రోడ్డంతా ఒకే నలుపు. అడుగులేసుకుంటూ వెనక్కి నడిచింది, ఇక్కడ మొదలైంది, కాదు, ఇక్కడ. గుర్తు మొదలవక ముందరి రోడ్డు మీద ఏమీ లేదు. అక్కడే తను చూసింది, అక్కడే కాలు లేచింది, ఆ ముక్క రోడ్డు మీద ఏ గుర్తూ పడదు. సరుకుల వ్యాను కూడా వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు దాటి సందు మొదట్లో నిలబడి లోపలికి చూసింది. బస్సుని వదిలి అంతకంటే దూరం పోకూడదు. రెండు పక్కలా ఇళ్ళు, తాడు మీద తడుస్తున్న బట్టలు, ఎవరో పరుగున వచ్చి తీస్తున్నారు, ఒక గుమ్మం ముందు సైకిలు, ఒక మేడ మీదనుంచి రేడియోలో వార్తలు. ఏ ఇంట్లోకి వెళ్ళాడో. పిలుద్దామంటే ఏమని పిలవాలి? ఓ కుర్చీ ఆయనా! అని అరిస్తే జనం తలుపులు వేసుకుంటారు. ఈపాటికి కుర్చీ దించి, తుడిచి, గోడవారగా వేసి ఉంటాడు. దాన్ని కొనాల్సి వచ్చిందంటే ఇంట్లో ఒక మనిషి ఎక్కువైనట్టే కదా. అత్తగారో, కొత్త కోడలో, నడక నేర్చి పెద్దవాళ్ళతో సమానంగా కూర్చుంటానని మారాం చేసే పిల్లో. "ఆకుపచ్చ తెచ్చావేంటి, నీలం తెమ్మన్నాను కదా" అని భార్య అంటూ ఉంటుంది. "ఉన్నది తెచ్చాను, కూర్చోడానికి రంగెందుకు" అని అతను విసుక్కుంటూ ఉంటాడు. విసుక్కో నాయనా. హాయిగా విసుక్కో. ఆమె ఇంట్లో రెండు కుర్చీలున్నాయి, ఒకదాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలుంటాయి. ఆయన కూడా ఇలాగే నడిచేవాడు రోడ్డు మీద, తల వంచుకుని, ఏ జేబు ఎక్కడ కుట్టాలో ఆలోచించుకుంటూ. ఎన్నిసార్లు ఏ డ్రైవరు కాలు ఆయన కోసం లేచిందో, ఆయన మాత్రం చూడకుండా ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏమైనా తినడానికుందా అని అడిగాడో. తనకెవరూ వచ్చి చెప్పలేదు. ఆ సందు మొదట్లో నిలబడి తడుస్తూ, ఎవరూ ఎప్పుడూ చూడని ఆ డ్రైవర్లందరి మీద ఆమెకు ఉన్నట్టుండి దుఃఖం వచ్చింది. లేక తన మీదేనేమో. వాన కదా, ముఖం తుడుచుకోవాల్సిన పని లేదు.

డిపో జీపు వచ్చి బస్సు వెనక ఆగింది. ఇన్‌స్పెక్టరు లావుపాటి మనిషి, ఒకప్పుడు తనూ డ్రైవరే. గొడుగు తెరిచి, చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, బస్సులోకెక్కి మెట్టు మీద బూట్లు దులుపుకుంటూ, "ఆవిడకి ఎముక చిట్లిందట. కట్టు కట్టారు. కబురొచ్చింది" అన్నాడు. ఆయన ముందు సీట్లో కూర్చుని కాగితాలు తొడ మీద పెట్టుకున్నాడు. "ఏం అడ్డొచ్చింది?"

"మనిషి, సార్. నెత్తిన కుర్చీ పెట్టుకుని."

"కుర్చీయా?"

"కుర్చీయే. అందుకే నన్ను చూళ్ళేదు."

ఆయన కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. కిటికీలోంచి రోడ్డు మీదికి చూసి, గొంతు తగ్గించాడు. "చూడమ్మా. నేను నిన్ను నమ్మను అనట్లేదు. కానీ ఫోన్‌లో ముగ్గురు ఫిర్యాదు చేశారు. ముగ్గురూ రోడ్డు మీద ఎవరూ లేరంటున్నారు. మనిషి అని రాస్తే ఆ మనిషేడీ అంటారు, సాక్షి ఎవరంటారు, విచారణ అంటారు. అది తేలేదాకా నీకు బండి ఇవ్వరు. కుక్క అని రాద్దాం. కుక్క అడ్డొచ్చిందంటే అందరూ నమ్ముతారు. కుక్కని సాక్ష్యానికి రమ్మని ఎవరూ అడగరు. రేపు పొద్దున్న మామూలుగా డ్యూటీకి వచ్చేస్తావు."

రేపు పొద్దున్న. డ్యూటీ లేని పొద్దున్న ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, సెలవు రోజుల్లో చూసింది. గోడ గడియారం, కుళాయి చప్పుడు, మాట్లాడాలంటే కూరగాయల కొట్టుదాకా నడవాలి. బస్సులో అయితే ఎవరో ఒకరు, కనీసం తిట్టడానికైనా, పలకరిస్తారు. కుక్క అంటే సరిపోతుంది. ఒక్క మాట. ఏ కుక్కకీ నష్టం లేదు. ఆమె నోరు తెరిచింది, అవునని చెప్పడానికే తెరిచింది.

"కుక్కైతే నేనంత గట్టిగా తొక్కేదాన్ని కాదు సార్" అంది.

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు.

"మీరూ నడిపారు కదా. నిండు బస్సు. అంతమంది నిలబడి ఉన్నారు. కుక్క కోసం తొక్కుతామా? హారన్ కొడతాం, వీలైనంత తగ్గిస్తాం, కళ్ళు మూసుకుంటాం. నేను తొక్కింది మనిషి కనక. రేపు ఆ పెద్దావిడ అడుగుతుంది, నా చెయ్యి ఎందుకు విరగ్గొట్టావు అని. కుక్క కోసమని చెప్పమంటారా?"

వాన బస్సు పైకప్పు మీద గట్టిగా పడుతోంది. ఆయన కలం మూత తీశాడు. తర్వాత కాగితం సరిచేసుకుని, "బండి ఇవ్వరమ్మా. కొన్నాళ్ళు టికెట్ల గదిలో కూర్చోబెడతారు. మళ్ళీ పరీక్ష పెడతారు, దీపం వెలగ్గానే తొక్కాలి" అన్నాడు.

"తొక్కుతాను."

"కుర్చీ ఏ రంగన్నావు?"

"ఆకుపచ్చ."

"ఆకుపచ్చ" అని ఆయన పైకే అంటూ రాశాడు.

జీపులో వచ్చిన ఇంకో డ్రైవరు అంతవరకు రోడ్డు పక్క ఇంటి చూరు కింద నిలబడి ఉన్నాడు. చిన్నవాడు, ఎప్పుడూ తనలో తనే ఏదో అనుకుంటూ ఉంటాడని డిపోలో అందరూ గొణుగుడు అంటారు. ఎక్కి, సీటు మీది సంచీ తీసి ఆమె చేతికిచ్చి, "దుంపలా అక్కా?" అన్నాడు. ఆవిడవని, ఆసుపత్రి దారిలోనే కదా, తనని అక్కడ దింపమని చెప్పింది. సరే అని సీటు ముందుకి జరుపుకున్నాడు, అద్దాలు తన ఎత్తుకి తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో తన బస్సు అద్దాలు ఇంకొకరు తిప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. ఇన్ని సీట్లు. చివరికి ముందు వరుసలో, రోడ్డు కనిపించే చోట కూర్చుంది.

బస్సు కదిలింది. బాగానే నడుపుతున్నాడు, తడి రోడ్డని స్పీడు తగ్గించే నడుపుతున్నాడు. ముందు ఒక స్కూటరు, దానికీ బస్సుకీ మధ్య చోటుంది, కావలసినంత ఉంది, అయినా ఆమె కుడి కాలు నేలని నొక్కింది. స్కూటరు పక్కకి పోయింది. మూల మీద గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది, దాటుతుందా, దాటదా, కాలు మళ్ళీ నొక్కింది. పాలవ్యాను తలుపు తెరుచుకుంటోంది. సైకిలు. పిల్లల బడి బోర్డు. ఆగి ఉన్న ప్రతి బండి వెనకా ఎవరో ఉన్నారు. ఆమె పిక్క రాయిలా బిగిసిపోయింది. ఒళ్ళో సంచీని రెండు చేతులా స్టీరింగులా పట్టుకుని ఉందని తనకే తెలియదు. గొణుగుడు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు.

"అక్కా, అక్కడ బ్రేకు లేదు."

"తెలుసు."

"నేను చూస్తున్నాలే అక్కా" అన్నాడు, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "నువ్వు కాలు తీసెయ్."

ఆమెకు వెంటనే చేతకాలేదు. ఇంకో మలుపు దాకా పట్టింది. తర్వాత మడమ కొద్దిగా వదులైంది, పిక్క వదులైంది, వీపు సీటుకి ఆనింది. ఎర్రదీపం దగ్గర బస్సు మెత్తగా ఆగినప్పుడు ఆమె మొదటిసారిగా పక్క కిటికీ వైపు తిరిగింది. రోజూ తను పోయే దారే. ఒక గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది, దాని మీద వాటాలో కిటికీ తెరిచి ఉంది, లోపల ఒకామె ఒక ముసలాయనకి గడ్డం గీస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తి ఉన్నాడు. ఒక చేత్తో ఆయన నుదురు పట్టుకుని, చాలా నెమ్మదిగా గీస్తోంది. దీపం ఆకుపచ్చగా మారే దాకా ఆమె వాళ్ళనే చూస్తూ కూర్చుంది.